కుంచం ఒక్కటే ఉండాలి

(పేటల్లో సినిమాల మీద రాస్తున్న యువతీ యువకుల శిక్షణా తరగతిలో ఒక ఉపాధ్యాయుడు చేసిన ప్రసంగ పాఠం)



కూలి రేట్ల సమస్య ఉంది, ఇళ్ల స్థలాల సమస్య ఉంది, శ్మశానానికి దారి లేదు, ఇవన్నీ వదిలేసి సినిమాల గురించి క్లాసేందని కొందరు అడిగారు. న్యాయమైన ప్రశ్నే. కానీ మన పిల్లలు కూలి డబ్బులు పెట్టి సినిమా చూస్తున్నారు. చూసి ఊరుకోవడం లేదు, దాని మీద రాస్తున్నారు. తరతరాలుగా మనల్ని అక్షరం ముట్టనివ్వలేదు. ఇవాళ చేతికొచ్చిన అక్షరాన్ని ఎట్లా వాడుతున్నామన్నది చిన్న సంగతి కాదు.

ముందు కల్లం సంగతి గుర్తు చేసుకుందాం. మా ఇళ్లల్లో మొదటిసారి డిగ్రీ చదివినవాళ్లం మేం. మా నాయనల కాలంలో గింజలు కుంచంతో కొలిచేవాళ్లు. కామందు ఇంట్లో రెండు కుంచాలుండేవి. అప్పు గింజలు ఇచ్చేటప్పుడు చిన్నది, తిరిగి కొలిపించుకునేటప్పుడు పెద్దది. ఆ రెంటి మధ్య తేడాయే మా ఇళ్లల్లో ఆకలి. దొంగ కుంచం అంటే ఏందో మనకంటే ఎక్కువ ఎవరికి తెలుసు? మరి ఇవాళ సినిమాని కొలిచేటప్పుడు మన చేతిలో ఎన్ని కుంచాలున్నాయి?

మా దగ్గర జరిగిందే చెప్తాం. ఒక సినిమాలో హీరో మెడలో నీలం కండువా వేసుకుని జై భీమ్ అన్నాడు. మా తమ్ముడొకడు దాన్ని ఆకాశానికెత్తి రాశాడు. పేటలో చదివి వినిపిస్తే మేమంతా చప్పట్లు కొట్టాం. నాట్లు వేసి వచ్చిన ఒక ముసలమ్మ మాత్రం అడిగింది: "అబ్బయ్యా, ఆ బొమ్మ నేనూ టీవీలో చూశా. మనోళ్లని కొట్టారు, ఇళ్లు తగలబెట్టారు. ఆఖర్న ఆయన వచ్చి వాళ్లని కొట్టాడు. మనోళ్లు ఒక్కళ్లన్నా నోరు తెరిచి మాట్లాడారా?" తమ్ముడి దగ్గరా, మా దగ్గరా జవాబు లేదు.

అదే తమ్ముడు ఇంకో సినిమాని, తీసినాయన కులం చూసి, బొమ్మ చూడకుండానే తిట్టి రాశాడు. అతను తిట్టిన సీను అసలు అందులో లేదు. కొన్నాళ్లకి మన ఆడవాళ్లని నిజంగానే అవమానించిన సినిమా ఒకటొచ్చింది. తమ్ముడు దాని మీద నిజమే రాశాడు. "ఆయనెప్పుడూ అంతేలే" అని ఒక్కరూ పట్టించుకోలేదు. కావలసినప్పుడు మన మాట చెల్లకుండా పోయింది. ఇది ఆ తమ్ముడొక్కడి తప్పు కాదు. చప్పట్లు కొట్టిన మా అందరిదీ.

సమతూకం అంటే గోడమీద పిల్లిలా కూర్చోవడం కాదు. సగం పొగిడి సగం తిట్టడమూ కాదు. ఉన్నది ఉన్నట్టు కొలవడం. ఎక్కువుంటే ఎక్కువ, తక్కువుంటే తక్కువ.

1938లో గూడవల్లి రామబ్రహ్మం తీసిన 'మాలపిల్ల' చూడండి. కథ చలం, మాటలు తాపీ ధర్మారావు. పెద్ద కులం అబ్బాయి మాలపిల్లని ప్రేమించడం, మనోళ్లు గుడిలోకి పోవడం ఆ రోజుల్లో తెరమీద చూపించారు. దానికి గుండె కావాలి. ఆ మాట రాయాల్సిందే. అయితే అందులో మార్పు వచ్చేది గాంధీ గారి హరిజనోద్ధరణ దారిలో. ఆ కాలానికి అంతేలే అందామా? అంబేడ్కర్ 'కుల నిర్మూలన' 1936లోనే అచ్చయింది. ఈ మాట కూడా రాయాలి.

2021లో వచ్చిన 'జై భీమ్' తీసుకోండి. 1993లో తమిళనాడులో పోలీసుల చేతిలో చనిపోయిన రాజాకన్ను కేసు మీద తీశారు. పోలీసులు పట్టుకుపోయిన మనిషిని కోర్టు ముందుకు తెమ్మని హెబియస్ కార్పస్ పిటిషన్ వేయొచ్చని ఎన్నో ఊళ్లకి తెలియజెప్పింది. చివర్లో ఆ చిన్నపిల్ల లాయరు ఎదుట కుర్చీలో కాలు మీద కాలేసుకుని పేపరు చదువుతుంది. పంతుళ్లం గదా, ఆ సీను చూసి మాకు కళ్లనీళ్లు ఆగలేదు. అయినా బరువంతా లాయరు హీరో మీదే పడింది. రాజాకన్నుది కురవర్ కులం, సినిమాలో ఇరులర్ అని చూపించారు. మెచ్చుకుంటూనే ఇవీ అడగాలి.

మరి మనోళ్లు తీస్తే? నాగరాజ్ మంజులే మన మనిషి. 2013లో ఆయన తీసిన మరాఠీ సినిమా 'ఫాండ్రీ' చివర్లో, పందులు పట్టే ఇంటి పిల్లవాడు విసిరిన రాయి సూటిగా చూసేవాళ్ల మీదికే వస్తుంది. పెద్ద ఉపన్యాసం చేయలేని పని ఆ రాయి చేసింది. కానీ వాడు ప్రేమించిన పిల్ల ఆ సినిమాలో దాదాపు మాట్లాడదు. ముసలమ్మ అడిగిన ప్రశ్న ఇక్కడా అడగాలి. మనోడని వదిలేస్తే రెండో కుంచం బయటికి తీసినట్టే.

కాబట్టి రాసేవాళ్లకి మా మనవి ఇది. బొమ్మ మొదట్నుంచి చివరిదాకా చూడండి. నచ్చినా నచ్చకపోయినా ఏ సీను వల్లనో చెప్పండి. ఏం చెప్పిందన్నదే కాదు, పాటతో, మాటతో, కెమెరాతో ఎట్లా చెప్పిందన్నదీ రాయండి. నటి ఒళ్లు గురించి, నటుడి పుట్టుక గురించి రాయొద్దు. పుట్టుకని బట్టి మనిషిని కొలవడం ఎవరి విద్యో మనకు తెలుసు. రాసింది అచ్చుకి ఇచ్చే ముందు పేటలో చదివి వినిపించండి. ముసలమ్మ అడిగే ప్రశ్నకి జవాబుంటేనే ఇవ్వండి.

అన్యాయం కనపడితే గట్టిగానే రాయండి, ఎవరికీ భయపడొద్దు. కానీ రేపు మనం అన్యాయం అన్నప్పుడు ఊరు నమ్మాలంటే, ఇవాళ బాగున్నదాన్ని బాగుందని అని ఉండాలి. మనకి కొలిచిన దొంగ కుంచాన్ని మనం చేతబట్టొద్దు.

జై భీమ్!