పెరట్లో ప్లగ్గు పదే పదే పోతోందా?

పెరట్లో మోటారు ప్లగ్గు పెట్టగానే ఇంట్లో కరెంటు పోతోందా? సాకెట్ మార్చినా మళ్లీ అదే గొడవా? చాలాసార్లు అసలు దొంగ చెమ్మ. వాన జల్లు సాకెట్ పెట్టెలోకి దిగుతుంది. వైరు పైపు సందులోంచి చీమలు దూరి మట్టి పెడతాయి. స్క్రూ వదులైతే వేడెక్కి సాకెట్ నల్లబడుతుంది.

ముందు మోటారు ప్లగ్గు తీసి చూడండి. అప్పుడు కరెంటు నిలబడితే మోటారునీ దాని వైరునీ అనుమానించాలి. ప్లగ్గు తీసినా, కరెంటు లీకైతే సరఫరా ఆపేసే ఆర్‌సీసీబీ పడిపోతుంటే తప్పు వైరింగులోనో సాకెట్‌లోనో ఉండొచ్చు. విసిగిపోయి ఆర్‌సీసీబీని మాత్రం తీయించకండి. అది ప్రాణానికి కాపలా.

మెయిన్ ఆపి, ఎలక్ట్రీషియన్‌తో పెట్టె విప్పించండి. ఎర్తింగు చూపించండి. మూత ఉన్న వాటర్‌ప్రూఫ్ పెట్టె బిగించి, వైరు కిందనుంచి రానివ్వండి. సాకెట్ మార్చినంత మాత్రాన సరిపోదు, చెమ్మను ఆపాలి. తడి చేత్తో మాత్రం ముట్టుకోకండి.