అయిదు నిమిషాల బలం
(యర్రగొండపాలెం సభలో చేసిన ప్రసంగ పాఠం)



మా మనవడు విమానం నడపడం నేర్చుకుంటున్నాడు. ఇంట్లో అందరికీ భయమే. ఆ భయం తీరాలని వాడినే అడిగి తెలుసుకున్న సంగతి మీకు మనవి చేస్తాను.

దోర్నాల దాటి శ్రీశైలం ఘాటెక్కే లారీ రొప్పేది చడావు వల్ల. విమానం రొప్పేది పల్చని గాలి వల్ల. 10,000 అడుగుల ఎత్తున గాలి ఒత్తిడి సముద్రమట్టంలో ఉన్నదానికి 70 శాతమే. మామూలు ఇంజను బలం ఆ మేరకు తగ్గిపోతుంది. టర్బోచార్జరు ఉంటే, వృథాగా పోయే పొగ చిన్న చక్రాన్ని తిప్పుతుంది. అది బయటి గాలిని నొక్కి ఇంజనుకు అందిస్తుంది.

బెంగుళూరు నేషనల్ ఏరోస్పేస్ లేబొరేటరీస్ వారి రెండు సీట్ల హంస-3 విమానానికి 2000లో ధ్రువీకరణ లభించింది. దాని రోటాక్స్ 914 ఇంజను టర్బో రకమే. గాలిలోకి లేచేటప్పుడు 115 హార్స్‌పవర్ వాడవచ్చు, అదీ 5 నిమిషాలే. ఆపైన 100 దాటకూడదు. దాటితే వేడికి ఇంజనే చెడుతుంది.

నిలకడగా సాగేటప్పుడు 75 శాతం బలానికి నిమిషానికి 5,000 చుట్లు, 65 శాతానికి 4,800. ఈ తగ్గింపుతో వేగం సుమారు 5 శాతమే తగ్గుతుంది. గంటకయ్యే పెట్రోలు మాత్రం ఎనిమిదో వంతు దాకా మిగులుతుంది. గమ్యంలో వాన కమ్మితే మరో చోట దిగడానికి ఆ మిగులే ప్రాణాధారం.

అందుకే వాడితో అన్నాను: "నాయనా, ఇంటి మీద బెంగతో లీవరు ముందుకు తోయకు. ఆలస్యమైనా ఎదురుచూస్తాం."

సెలవు.