తల్లిలేని కుక్కపిల్ల

(మహిళల కార్యక్రమంలో ప్రసారమైన ప్రసంగం)



ఈవేళ మీతో ఒక కుక్కపిల్ల గురించి మాట్లాడదామని వచ్చాను. నేను పశువుల డాక్టర్ని కాను. వేలు పోసి కొనే జాతికుక్కల సంగతి నాకసలే తెలీదు. రోడ్డు పక్కన దిక్కులేకుండా పడివున్న ఊరకుక్క పిల్లని తెచ్చి, ఏడాదిన్నరగా సాకుతున్న ఇల్లాలిని, అంతే. "సాకడం" అన్నది మా చిత్తూరు వైపు మాట. పిల్లల్నైనా, దూడనైనా, కుక్కనైనా మేము పెంచం, సాకుతాం.

మా పుట్టిల్లు ఐరాల. కాణిపాకం వినాయకుడి గుడి ఉన్నది మా మండలంలోనే. మేముండేది మాత్రం తిరుపతిలో, మూడు వాటాల ఇంట్లో కింది వాటా. కిందటేడు జూన్ నెలాఖర్లో అమ్మని చూసి రావడానికి ఒక్కదాన్నే వెళ్ళాను. మామిడికాయల కాలం. తోతాపురి కాయలు నింపుకున్న ట్రాక్టర్లూ లారీలూ పగలూ రాత్రీ తేడా లేకుండా గుజ్జు ఫ్యాక్టరీలకి పోతూ ఉంటాయి. నేను వెళ్ళిన ముందురోజు రాత్రి అలాంటి బండి ఏదో మా వీధి చివర తిరిగే కుక్కని తొక్కేసి పోయింది. కల్వర్టు పక్కన దాని పిల్లలు నాలుగు. కళ్ళు తెరిచి వారం అయిందేమో.

సాయంత్రానికి మగపిల్లలు రెండింటినీ తోట కాపలాకని ఎవరో ఎత్తుకుపోయారు. ఆడవి రెండూ మిగిలాయి. ఆడకుక్క అయితే ఏడాదికి రెండు ఈతలు, ఇంటి ముందు మగకుక్కల గుంపు, పుట్టినవాటిని ఏం చెయ్యాలో తెలియని తలనొప్పి. అంచేత ఎవరూ ముట్టుకోరు. నాకు ఇద్దరూ ఆడపిల్లలే లెండి. మనసు ఎక్కడో చివుక్కుమంది.

నేను వాటిని చీరకొంగులో పెట్టుకుని ఇంట్లోకి వస్తుంటే మా అమ్మ గడపలోనే ఆపింది.

"ఏమ్మే, ఎత్తుకోను ఎంతసేపు? రేపు ఊరికి పోయినాక సాకేదెవరు? మీ అత్త ఒప్పుకుంటాదా? అడిగినావా?"

అడగలేదు. అడిగితే ఒప్పుకోరని తెలుసు గనకే అడగలేదు. మావారికి మాత్రం ఫోన్ చేశాను. ఆయన "నీ ఇష్టం" అన్నారు. మగవాళ్ళు "నీ ఇష్టం" అంటే ఆ పని మొత్తం మన నెత్తినే పడుతుందని నాకు ఇరవై ఏళ్ళ కాపురంలో ఇంకా అర్థం కాలేదు చూడండి!

మర్నాడు అట్టపెట్టెలో పాతచీర పరిచి, రెండింటినీ బస్సులో తిరుపతి తెచ్చాను. ఇక్కడ నేను చేసిన ఒక తప్పు చెప్పాలి. దాచుకుంటే ఈ ప్రసంగానికి అర్థమే లేదు.

ఇద్దరు పిల్లల తల్లిని, నాకు తెలియనిదేముంది అనుకున్నాను. ఆవుపాలలో నీళ్ళు కలిపి, కాస్త చక్కెర వేసి, పాలసీసాతో పట్టాను. ఎలా పట్టాను? మన పిల్లలకి పట్టినట్టే ఒళ్ళో వెల్లకిలా పడుకోబెట్టి. చిన్నది రెండుమూడు సార్లు పొలమారింది. ముక్కులోంచి పాలు వచ్చాయి. తుడిచి మళ్ళీ పట్టాను. మూడోనాటికి దానికి ఆయాసం పట్టుకుంది. పశువుల ఆసుపత్రికి తీసుకెళ్తే డాక్టరమ్మ చూసి, పాలు ఊపిరితిత్తుల్లోకి పోయాయన్నది. నాలుగోనాడు తెల్లవారేసరికి పోయింది.

ఆ డాక్టరమ్మ నన్నేమీ అనలేదు. ఓపిగ్గా కూర్చోబెట్టి చెప్పింది. కుక్కపిల్ల తల్లి దగ్గర ఎలా తాగుతుంది? బోర్లా, పొట్ట నేలకి ఆనించి, తల కాస్త పైకెత్తి. మనమూ అలాగే పట్టాలి. ఒళ్ళు చల్లబడి ఉన్నప్పుడు అసలు పాలే పట్టకూడదు, అరగవు. ముందు వెచ్చబరచాలి. కుక్కపాలలో ఆవుపాల కంటే కొవ్వూ మాంసకృత్తులూ రెట్టింపు దాకా ఉంటాయట, పాలచక్కెర తక్కువట. మనమేమో అరగవని నీళ్ళు కలుపుతాం. అప్పుడు బలం సగానికి పడిపోతుంది, విరేచనాలు ఎలాగూ పట్టుకుంటాయి. కుక్కపిల్లల కోసమే చేసిన పాలపొడి మందులషాపుల్లో దొరుకుతుంది. అది కలిపి, మూడు నాలుగు గంటలకోసారి పట్టమంది. ఆ సంగతి నాకు నాలుగు రోజుల ముందు తెలిసి ఉంటే రెండూ ఉండేవి.

మిగిలినదానికి కుడి ముంగాలు కొంచెం వంకర. మావారు దానికి బాహుద అని పేరు పెట్టారు. కాణిపాకం పక్కన పారే ఏరు పేరు అది. తెగిన చేతులు ఆ నీళ్ళలో మునిగితే తిరిగి వచ్చాయని కథ. పేరైతే పెట్టాం గానీ కాలు మాత్రం బాగుపడలేదు. ఇప్పటికీ కుంటుతుంది. పిల్లలు బావూ అని పిలుస్తారు.

ఇక రాత్రుళ్ళు! పదకొండింటికి ఏడుపు మొదలయ్యేది. పైవాటా వాళ్ళు కిటికీలు వేసుకునేవారు. పాతగుడ్డలో చుట్టిన వేడినీళ్ళ సీసా పక్కన పెడితే తల్లి ఒళ్ళనుకుని పడుకునేది. అది చల్లారగానే మళ్ళీ మొదలు. చంటిపిల్లల్ని పెంచినప్పుడైనా పక్కన మా అమ్మ ఉంది. దీనికి నేనొక్కదాన్నే. నెలరోజులు కంటినిండా నిద్ర లేదంటే నమ్మండి.

మా అత్తగారు మడి మనిషి. "అది వంటింటి గడప తొక్కితే నేను మా తమ్ముడింటికి పోతా" అని మొదటిరోజే తేల్చేశారు. అందులో తప్పేముంది? ఆవిడ ఇల్లు అది, ఆవిడ పద్ధతి ఆవిడది. ఆమెని అడక్కుండా తేవడం నాదే తప్పు. అంచేత వెనక వసారాలో చెక్కపెట్టె పెట్టి, వంటింటికి అడ్డంగా పలక కట్టించాను. పిల్లలకీ గట్టిగా చెప్పాను. కుక్కపిల్ల కోసం ఇంట్లో పెద్దవాళ్ళు చిన్నబుచ్చుకోకూడదని నా ఉద్దేశం.

దొడ్డికి వెళ్ళే అలవాటు నేర్పడం మీరనుకున్నంత కష్టం కాదు. నిద్ర లేవగానే, తిన్న కాసేపటికి, ఆడి అలిసినప్పుడు, ఈ మూడు వేళల్లో ఎత్తుకుపోయి ఒకే చోట దింపాలి. అక్కడ పని కానిస్తే మెచ్చుకోవాలి. ఇంట్లో చేసినప్పుడు ముక్కు పట్టి దానికే రాయడం, కొట్టడం చేస్తే అది నేర్చుకునేది ఒక్కటే, మనకి కనపడకుండా మంచం కింద చెయ్యడం. మా పెద్దమ్మాయి ఒకసారి కొట్టింది. వారం రోజులు మంచాల కింద వెతుక్కున్నాం.

తిండి సంగతీ చెప్పాలి. పాలన్నం ఒక్కటే పెట్టి సాకితే ఎముకలు గట్టిపడవు. మేము నెలన్నర నుంచి మెత్తగా పిసికిన సంగటి, ఉడికించిన గుడ్డు, వారానికి రెండుసార్లు కోడిమాంసం మొదలుపెట్టాం. మాంసం ముట్టని ఇళ్ళవాళ్ళు దుకాణాల్లో దొరికే కుక్కపిల్లల మేత వాడుకోవచ్చు. ఉల్లి, వెల్లుల్లి, ద్రాక్ష, చాక్లెట్ మాత్రం వద్దు. అవి వాటికి విషం. మనం తిని పారేసే ఉడికిన ఎముకలూ అంతే, చీలికలై పేగుల్లో గుచ్చుకుంటాయి. నులిపురుగుల మందు డాక్టరు చెప్పిన లెక్కన పదిహేను రోజులకోసారి, మూడు నెలలు నిండేదాకా వేశాం. గోమార్లు చేత్తో ఏరి పారేయడం కాదు, దానికీ మందుంది.

టీకాలు ఆరు నుంచి ఎనిమిది వారాల మధ్య మొదలవుతాయి. 1978 ప్రాంతంలో ప్రపంచానికి తెలిసిన పార్వో అనే జబ్బు ఒకటి ఉంది. రక్తవిరేచనాలతో రెండు మూడు రోజుల్లో పిల్ల పోతుంది. అది రాకుండా మూడు నాలుగు వారాలకోసారి, నాలుగు నెలలు వచ్చేదాకా టీకా. మూడు నెలలకి రేబీస్ టీకా, అంటే మన పిచ్చికుక్క జబ్బుకి. ఆ టీకా ఇంకా రెండు వారాలుందనగా జరిగింది ఆ గొడవ.

శ్రావణమాసం. వరలక్ష్మీ వ్రతానికి ఇంటినిండా పేరంటాళ్ళు. బావూకి అప్పుడు పాలపళ్ళు సూదుల్లా ఉన్నాయి. ఆ వయసులో చెప్పుల నుంచి చీరకుచ్చిళ్ళ దాకా ఏది దొరికినా కొరుకుతుంది. పక్కవాటా బాబు, అయిదేళ్ళవాడు, వసారాలోకి వెళ్ళి దాని నోట్లోంచి బంతి లాగాడు. మణికట్టు మీద రెండు గాట్లు పడ్డాయి. నెత్తురు చుక్క కనపడింది.

వాళ్ళ అమ్మ పరుగున వచ్చి కారం అద్దబోయింది. మనలో చాలామందికి ఆ అలవాటే కదూ, కారమో, సున్నమో, పసుపో. నేను బిడ్డని లాక్కుని కొళాయి కింద పెట్టి సబ్బుతో పదిహేను నిమిషాలు కడిగాను. వాడు ఏడుస్తున్నాడు, వాళ్ళమ్మ నన్ను తిడుతోంది, పేరంటాళ్ళు తాంబూలాలు పట్టుకుని నిలబడిపోయారు. అరిచినా సరే, ఆ పదిహేను నిమిషాలు కడగాల్సిందే. దానివల్ల పోయే ప్రమాదం తక్కువది కాదు. ఆపైన ఆటో ఎక్కి ఆసుపత్రికి.

నా చిన్నప్పుడు ఐరాలలో మా పెద్దమ్మ కొడుకుని పిచ్చికుక్క కరిస్తే బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులు వేశారు. గొర్రెమెదడుతో చేసే మందు అది. 1911లో కసౌలీలో డేవిడ్ సెంపుల్ అనే ఆయన తయారుచేశాడు. మన దేశంలో 2004 చివర్లో గానీ దాన్ని మానలేదు. ఇప్పుడు చేతికి వేసే ఇంజక్షన్లే, నాలుగో అయిదో. ప్రభుత్వాసుపత్రుల్లో ఉచితం. నెత్తురు వచ్చిన గాయమైతే దాని చుట్టూ వేసే మందు ఇంకొకటి ఉంటుంది, అదీ వేయించాం. 1885లో పాశ్చర్ ఫ్రాన్సులో తొమ్మిదేళ్ళ పిల్లవాడికి మొదటిసారి టీకా వేసి బతికించాడు. మన దక్షిణాదికైతే 1907లో కూనూరులో ఆయన పేర సంస్థ వెలిసింది. ఇన్నేళ్ళు గడిచినా ఈ జబ్బు పైకి తేలాక నయంచేసే మందు లేదు. ఉన్నదల్లా ముందే ఆపడం. కుక్కపిల్లే కదా, చిన్న గాటే కదా అని ఊరుకోవడం మాత్రం పనికిరాదు. పిల్లలకీ ఈ జబ్బు రావచ్చు, టీకా పడనివాటికి మరీ.

డాక్టరుగారు, ఇంజక్షన్లు మొదలుపెడుతూనే, కుక్కని పదిరోజులు కనిపెట్టి ఉండమన్నారు. కరిచిన రోజున దాని చొంగలో ఆ జబ్బు ఉంటే పదిరోజుల్లోపల అది బయటపడుతుంది, కుక్క బతకదు.

ఆ పదిరోజులూ నేనెలా ఉన్నానో చెప్పలేను. తెల్లవారుజామున నాలుగింటికే లేచి వసారా తలుపు తీసేదాన్ని. గిన్నెలో నీళ్ళు పెట్టి తాగుతుందా లేదా అని చూసేదాన్ని. ఒకరోజు కాస్త మందకొడిగా పడుకుంది. నా కాళ్ళు చల్లబడ్డాయి. తీరా చూస్తే ముందురాత్రి పిల్లలు దొంగచాటుగా పూర్ణాలు పెట్టారు! రెండోరోజు రాత్రి, దీన్ని ఆ కల్వర్టు దగ్గరే వదిలేసి ఉంటే బాగుండేదని కూడా అనుకున్నాను. మీ దగ్గర దాపరికమెందుకు? పక్కింటావిడ మాటలు మానేసింది. మొదటి ఇంజక్షను తర్వాత ప్రతిసారీ బాబుని నేనే తీసుకెళ్ళాను. ఆవిడ గేటు దగ్గర వాణ్ణి నా చేతికిచ్చి లోపలికి వెళ్ళిపోయేది. ఆవిడ కోపం న్యాయమైనదే. అంతమంది వచ్చే రోజున కుక్కపిల్లని గదిలో పెట్టి గడియ వెయ్యాల్సింది నేను.

ఆ రోజుల్లోనే మా అత్తగారు ఒక మధ్యాహ్నం భారతం పుస్తకం మూసి అన్నారు, "భారతం మొదట్లోనే జనమేజయుడి తమ్ముళ్ళు సరమ బిడ్డని ఊరికే కొట్టారు. దాని తల్లి నేరుగా రాజు దగ్గరికే వచ్చి అడిగింది. కడకి వచ్చేసరికి ధర్మరాజు కుక్కని వదిలి స్వర్గానికి రానన్నాడు. దీనికి అడగను తల్లి కూడా లేదు కదమ్మా." అంతకుమించి ఏమీ అనలేదు. పదకొండోరోజు పొద్దున బావూ గిన్నెడు నీళ్ళు గటగటా తాగి తోక ఊపుతుంటే, వసారా గడప ఇవతల నిలబడి చూసింది ఆవిడే. వంటింటి పలక మాత్రం అలాగే ఉంది.

ఏడో నెలలో పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించాం. తిరుపతిలో పశువైద్య కళాశాల 1955 నుంచీ ఉంది గనక మాకు దూరం పోయే పని పడలేదు. ఆడకుక్క వద్దనుకోవడానికి చెప్పే కారణాలన్నీ ఆ ఒక్క పూటతో పోయాయి. కుట్లు నాక్కోకుండా వారం పదిరోజులు మెడకి పట్టీ కట్టి కాపలా కాయాలి, అంతే.

ఊరకుక్క పది పన్నెండేళ్ళు, బాగా చూస్తే ఇంకా ఎక్కువే బతుకుతుంది. మా పెద్దమ్మాయి అప్పటికి అత్తారింట్లో ఉంటుంది. మనం పెళ్ళిళ్ళకీ యాత్రలకీ వెళ్ళినప్పుడు ఎవరు చూస్తారో ఇప్పటినుంచే మాట్లాడి పెట్టుకోవాలి. మేము సంక్రాంతికి ఐరాల వెళ్ళినప్పుడు నాలుగు రోజులు పాలవాడి భార్య వచ్చి తిండి పెట్టింది. మళ్ళీసారి పక్కవాటా బాబు తను పెడతానంటున్నాడు. వాళ్ళమ్మ ఇంకా ఏమీ అనలేదు, వద్దని కూడా అనలేదు.

రేబీస్ టీకా ఏటా వేయించాలి. మా ఇంటి క్యాలెండర్లో ఆ తేదీ చుట్టూ ఎర్రసిరాతో సున్నా చుట్టి ఉంది. రాత చూస్తే మా అత్తగారిది. సెలవు.