పిల్లల స్నేహములు – పెద్దల బాధ్యత
(సంఘపు ఉగాది సభలో చేసిన ప్రసంగము)



యువజనుల గురించి నాలుగు మాటలు చెప్పుమని కార్యవర్గమువారు మమ్ము కోరినారు. మేము విద్వాంసులము కాము. మెట్రిక్ ప్యాసై రైల్వేలో గుమాస్తా పని చేసుకొనేవారము. కనుక పుస్తకాల సంగతికంటె ముందు, మేము పెరిగిన చాల్ సంగతి చెప్పెదము.

కామాటిపురకు ఆ పేరు మనవారివల్లనే వచ్చినది. 18వ శతాబ్ది చివర నైజాము ప్రాంతమునుండి వచ్చి, ఈ ద్వీపములమీద కట్టలు, రోడ్లు వేసిన తెలుగు కూలీలను కామాటీలనేవారు. వారు కాపురమున్న చోటే కామాటిపుర. ఆ పేరును భద్రముగా దాచుకున్నాము. ఊరు కట్టినవారి సంతతి ఎట్లు పెరుగుచున్నదో చూచుకున్నామా అన్నదే నేటి ప్రశ్న.

మా చాల్‌లో గదికి గదికి నడుమ పలుచని గోడ. ఒక ఇంట పోపు వేస్తే నాలుగిండ్లకు ఘాటు. అటువంటి చోట రాత్రివేళ ఒక పిల్లవాడు దెబ్బలు తింటే ఎవరికి వినబడదు? మా పక్క గదిలో పదమూడేండ్ల పిల్లవాడుండేవాడు. తండ్రి బిల్డింగు పనులకు పోయేవాడు. పని దొరకని రోజున తాగి వచ్చి బెల్టు తీసేవాడు. అందరమూ విన్నాము. విని టీవీ చప్పుడు పెంచుకున్నాము. "వాని కొడుకు, వాడు కొట్టుకుంటడు, మనకెందుకు బిడ్డా" అని పెద్దలనేవారు.

మేము నలుగురము అతని ఈడువారమే. మేము చేసినది గొప్ప పనేమీ కాదు. రాత్రి గ్యాలరీలో పక్కలు పరచుకొనేటప్పుడు అతనికి చోటు విడిచేవారము. వచ్చి పడుకొనేవాడు. ఏమైనదని అడిగేవారము కాము. పొద్దున నల్లా దగ్గర బిందెలు నింపుతూ క్రికెట్ మాటలు చెప్పుకొనేవారము. పెద్దవాడైన తరువాత అతడే మాతో అన్నాడు: "మీరు అడగకపోతిరి, అందుకే మీ దగ్గరికి వచ్చిన. రాత్రి అంటే భయముండె. గ్యాలరీల నా జాగ ఉన్నదని తెలిసినంక ఆ భయం సగమయ్యె."

ఆ సంవత్సరము అతడు పరీక్ష తప్పినాడు. "దోస్తులే చెడగొట్టిండ్రు" అని అందరూ తేల్చినారు. తండ్రి గ్యాలరీలో పడుకొనుట మాన్పించినాడు. ఆ సావాసము వద్దని మా ఇండ్లలోను చెప్పినారు. మేమూ విన్నాము. నెల తిరగకముందే అతడు ఇల్లు విడిచిపోయినాడు. పదిహేను రోజులకు షోలాపురములో మేనమామ ఇంట ఉన్నాడని తెలిసినది. మేనమామ మంచివాడు కనుక బ్రతుకు నిలబడినది. కాని చెప్పినమాట విన్న ఆ నెల రోజులను మేము నేటికిని మరువలేదు.

ఇప్పుడు శాస్త్రజ్ఞులు చెప్పే మాట ఆలకించండి. భయము కలిగినప్పుడు దేహములో కార్టిసాల్ అను రసము పెరుగును, గుండె వేగము హెచ్చును. ఆపద తీరితే అవి తగ్గును. ప్రతి రాత్రీ ఆపదయే అయితే దేహము నిత్యము కాపలా కాయును. నిద్ర చెడును, చదువుమీద మనసు నిలువదు. ఆ పిల్లవాని పరీక్ష పోయినది దోస్తులవల్ల కాదు, బెల్టువల్ల.

ఇంగ్లండులో కేంబ్రిడ్జి పరిశోధకులు చిన్ననాట ఇంటి కష్టములకు, తోటివారి వేధింపులకు లోనైన వందలాది పిల్లలను 14వ ఏట, మరల 17వ ఏట పరిశీలించి, 2016లో ఫలితములు ప్రకటించినారు. స్నేహితుల అండ, ఇంటివారి ఆదరణ ఉన్నవారిలో తరువాత దిగులు లక్షణములు తక్కువగా కనబడినవి. మన దేశములో 2007లో భారత ప్రభుత్వము ప్రకటించిన నివేదికలో, 13 రాష్ట్రములలో విచారించిన పిల్లలలో ప్రతి ముగ్గురిలో ఇద్దరు దెబ్బలు తిన్నవారే. కనుక ఇది ఒక్క చాల్ కథ కాదు.

ఆడపిల్లల సంగతి మరింత కష్టము. పెద్దమనిషి కాగానే స్నేహితురాండ్ర ఇండ్లకు పోవుట మాన్పింతుము. ఇంట బాధపడే పిల్లకు నల్లా దగ్గరి ఐదు నిమిషములే మిగులును.

మన పక్క గల్లీల పిల్లలతో కలవవద్దని మన పిల్లలకు చెప్పుచు వచ్చినాము. ఆ గల్లీల తల్లుల పిల్లలకు రాత్రిపూట ఒక చోటుండవలెనని ప్రేరణ సంస్థవారు 1988లో కామాటిపురలోనే రాత్రి సంరక్షణ కేంద్రము తెరిచినారు. మనము దూరముంచిన పిల్లల విషయములో ఇతరులు చేసిన పని, మన పిల్లలకు మనము చేయలేమా?

అయితే ఒక హెచ్చరిక. స్నేహితుడు భయమును సగము చేయగలడు, బెల్టును ఆపలేడు. ఆ బరువంతా పదమూడేండ్ల భుజములమీద వేయరాదు. అది పెద్దల పని. 1996లో ఈ ముంబయిలోనే మొదలైన పిల్లల సహాయపు ఫోను 1098 నేడు దేశమంతటా ఉన్నది. పెద్ద స్టేషన్లలో పిల్లల సహాయ కేంద్రములున్నవి. పిల్లలపై లైంగిక దౌర్జన్యము జరిగినదని తెలిస్తే, 2012 నాటి పోక్సో చట్టము ప్రకారము పోలీసులకు తెలుపుట ప్రతివారి విధి.

చాల్‌ల కాలము వెళ్ళిపోవుచున్నది. వర్లీ బి.డి.డి. చాల్‌లవారికి 2025లో కొత్త మేడలలో ఇండ్లు అందసాగినవి. సంతోషమే. కాని మేడలో తలుపు మూస్తే లోపలి ఏడుపు బయటికి రాదు, పడుకొనుటకు గ్యాలరీయు ఉండదు.

కనుక సంఘమువారికి మా మనవులు మూడు. పిల్లవాడు చదువులో వెనుకబడితే ముందుగా అతని స్నేహమును తెంచవద్దు. ఇంటి సంగతి విచారించండి. పక్కింట దెబ్బల చప్పుడైతే టీవీ పెంచక, ఇద్దరు ముగ్గురు కలిసి తలుపు తట్టండి. సంఘపు గది తాళము సాయంత్రము ఏడు నుండి పది వరకు పిల్లలకోసము తీయించండి. క్యారమ్ బోర్డు మేము తెచ్చెదము. తాళపుచెవి బాధ్యత మేము నలుగురము వంతులవారీగా వహించెదము. ఆ నలుగురిలో ఒకరు షోలాపురమునుండి తిరిగి వచ్చినవారే.

ఉగాది పచ్చడిలో వేపపువ్వు మనము ఏడాదికి ఒకనాడు చిటికెడు తినుచున్నాము. కొందరు పిల్లలు రోజూ దోసెడు మింగుచున్నారు. వారి పక్కన కూర్చుండేవానిని దూరము చేయవద్దని వేడుకొనుచున్నాము.