ఇంటి లినక్స్ నెట్‌వర్క్‌లో మన సొంత తపాలా
(వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఉచితంగా మెయిల్ ఇచ్చేవాళ్ళుండగా ఇంట్లో సర్వర్ ఎందుకండీ అని పొద్దున్న ఒకరిద్దరు అడిగారు. న్యాయమైన ప్రశ్నే. పెన్షన్ కాగితాలు, ఆస్పత్రి బిల్లులు, పిల్లల ఉత్తరాలు, యూనిట్ మిత్రుల ఫొటోలు, అన్నీ ఒక్క పాస్‌వర్డ్ వెనక, ఎవరి మెషీన్లోనో ఉన్నాయి. ఆ ఖాతా ఏ కారణం చేతనైనా మూతపడితే మన చేతిలో ఏమీ మిగలదు. ఒక కాపీ మన ఇంట్లో ఉండాలి. నేను చెప్పేదంతా దాని కోసమే.

అలాగని ఇంటి నుంచి నేరుగా లోకమంతటికీ మెయిల్ పంపాలని కూర్చోకండి. చాలామంది వారాలకు వారాలు పోగొట్టుకునేది ఇక్కడే. ఇంటి కనెక్షన్లలో 25వ పోర్టును తరచుగా మూసేస్తారు. మన ఐపీ అడ్రసు మారుతూ ఉంటుంది, రివర్స్ డీఎన్ఎస్ మన పేరు మీద ఉండదు. 2024 ఫిబ్రవరి నుంచి జీమెయిల్ అయితే, పంపేవాడు ఎవరైనా సరే ఎస్పీఎఫ్ గానీ డీకిమ్ గానీ ఉండాలి, ఐపీకి సరైన పేరు ఉండాలి అంటోంది. ఇంటి డబ్బా నుంచి ఇవన్నీ కుదిరే పని కాదు.

మనకి తెలిసిన ఉదాహరణే చెబుతాను. జవాను ఎక్కడున్నా ఉత్తరం మీద "కేరాఫ్ 56 ఏపీఓ" అనే కదా రాసేవాళ్ళం! అసలు చోటు ఎవరికీ తెలియక్కర్లేదు, ఉత్తరం మాత్రం చేరేది. మన సర్వరూ అంతే. బయటికి వెళ్ళే మెయిల్‌ని ప్రొవైడర్ సర్వర్‌కి అప్పగిస్తుంది, మిగతా దారి వాళ్ళు చూసుకుంటారు. దీన్నే స్మార్ట్‌హోస్ట్ అంటారు.

పాత డెస్క్‌టాప్ చాలు. డెబియన్ వేసి, రౌటర్లో దానికి 192.168.1.10 లాంటి స్థిరమైన అడ్రసు కేటాయించండి. పోస్ట్‌ఫిక్స్ ఇన్‌స్టాల్ చేసేటప్పుడు అడిగే ప్రశ్నకి "ఇంటర్నెట్ విత్ స్మార్ట్‌హోస్ట్" ఎంచుకోండి. తరవాత మెయిన్.సీఎఫ్ ఫైల్లో రిలేహోస్ట్ అన్నచోట ప్రొవైడర్ పేరు, 587 పోర్టు రాయాలి. టీఎల్ఎస్ తప్పనిసరి చేయాలి. పాస్‌వర్డ్ ఉన్న ఫైల్ని రూట్ తప్ప ఎవరూ చదవకుండా 600 పర్మిషన్ పెట్టాలి. రెండంచెల భద్రత ఉన్న ఖాతాకి మామూలు పాస్‌వర్డ్ పనిచేయదు, యాప్ పాస్‌వర్డ్ తీసుకోండి.

లోపలికి వచ్చే మెయిల్‌ని ఫెచ్‌మెయిల్ తెస్తుంది. ఇది జాగ్రత్తగా వినండి. "కీప్" అని రాయకపోతే, తెచ్చిన మెయిల్‌ని ప్రొవైడర్ దగ్గర చెరిపేయడం దాని అలవాటు. మొదటి నెలంతా కీప్ ఉంచండి, నమ్మకం కుదిరాక మీ ఇష్టం. డవ్‌కాట్ ఆ మెయిల్‌ని 993 పోర్టులో ఇంట్లోని ఫోన్లకీ కంప్యూటర్లకీ చూపిస్తుంది. మెయిల్‌డిర్ పద్ధతి పెడితే ఉత్తరానికొక ఫైలు. ఆర్‌సింక్‌తో వారానికోసారి యూఎస్‌బీ డిస్కుకి కాపీ చేసుకోవడం తేలిక. ఆ డిస్కు బీరువాలో ఉండాలి, సర్వర్ పక్కనే కాదు.

ఇక కాపలా సంగతి. మైనెట్‌వర్క్స్ అనే వరసలో మన ఇంటి అడ్రసులే ఉండాలి. అక్కడ లోకమంతటికీ తలుపు తీసి, రౌటర్లో 25 కూడా తెరిచారనుకోండి, అది ఓపెన్ రిలే అవుతుంది. ఎవడో మన సర్వర్ మీదుగా వేల స్పామ్ మెయిల్స్ పంపుతాడు, పేరు మనది. అందుకని రౌటర్లో మెయిల్ పోర్టు ఏదీ తెరవొద్దు. బయట ఊళ్ళో ఉండగా ఉత్తరాలు చూడాలంటే వైర్‌గార్డ్ పెట్టుకుని ఇంట్లోకి రండి.

సర్వీసులో ఉన్న తమ్ముళ్ళకి వేరే మాట. ఇది సొంత ఉత్తరాలకే. యూనిట్ కాగితం ఒక్కటి కూడా దీంట్లోకి రాకూడదు. సొంత సర్వర్ కదా, భద్రమే కదా అనే వాదన చెల్లదు.

సెట్ చేశాక ఒక మెయిల్ పంపి మెయిల్ లాగ్ తెరిచి చూడండి. "స్టేటస్ ఈజ్ సెంట్" అని ఉంటే ప్రొవైడర్ తీసుకున్నట్టు. "డిఫర్డ్" అని ఉంటే కారణం అదే వరసలో, బ్రాకెట్లలో ఉంటుంది. ఎవరికైనా ఫోన్ చేసే ముందు ఆ వరస చదవండి, నాకు చేసినా నేను మొదట అడిగేది అదే.

డబ్బా వెనక టేబుల్ మీద నడుస్తోంది. టీ అయ్యాక రండి, చూపిస్తాను.