తిరగరాత

పట్టా అందుకుంటున్న మిత్రులారా, మీలో కొందరి దగ్గర సగం రాసిన నవల ఒకటి ఉండే ఉంటుంది. దాన్ని అచ్చు వేయించుకోవడం ఇవాళ పెద్ద కష్టం కాదు. ఖర్చు పెట్టుకోగలిగితే ఏ ప్రెస్సయినా వేసి ఇస్తుంది, లేదంటే ఈ-బుక్కుగా పెట్టుకోవచ్చు. వారపత్రికలో సీరియల్‌గా రావాలంటే ఒకప్పుడు ముందు సంపాదకుడు చదివి ఒప్పుకోవాలి, వచ్చాక పాఠకుల ఉత్తరాలకు తట్టుకోవాలి. ఆ చోటు బాగా కుంచించుకుపోయింది. అడ్డు తొలగడం మంచిదే. కానీ ‘ఇది ఇంకా నవల కాలేదు’ అని చెప్పే మనిషి కూడా దాంతోపాటే తప్పుకున్నాడు. తొలి నవలకు ప్రచురణకర్త కన్నా ముందు కావలసింది ఆ మనిషేనని నా నమ్మకం.

1957లో హార్పర్ లీ తన తొలి నవల ‘గో సెట్ ఎ వాచ్‌మన్’ రాతప్రతిని అమెరికాలోని లిపిన్‌కాట్ సంస్థకు ఇచ్చారు. న్యూయార్కు నుంచి సొంత ఊరికి వచ్చిన జీన్ లూయీస్, తాను ఆరాధించే తండ్రిలో వర్ణవివక్షను చూసి తల్లడిల్లడం అందులో కథ. సంపాదకురాలు టే హోహోఫ్‌కు ప్రతిభ కనిపించింది గానీ, విడివిడి ఘట్టాలు కలిసి నవల కాలేదనిపించింది. రెండేళ్లకు పైగా తిరగరాశాక, 1960లో ‘టు కిల్ ఎ మాకింగ్‌బర్డ్’ వచ్చింది. పాత ప్రతి కూడా 2015లో అచ్చయింది కాబట్టి రెంటినీ పక్కపక్కన పెట్టి చదవొచ్చు. పాతదాంట్లో ఒక నల్లజాతి యువకుడిపై మోపిన అత్యాచారం కేసు నాలుగు మాటల్లో వచ్చిపోతుంది, అతను నిర్దోషిగా విడుదలవుతాడు. కొత్తదాంట్లో ఆ కేసే నవలకు ప్రాణం, నిందితుడు టామ్ రాబిన్సన్ దోషి అవుతాడు. గెలిచిన కేసులో వకీలైన తండ్రి నేర్పు మాత్రమే తెలుస్తుంది. ఓడిన కేసులో ఊరి స్వభావమంతా బయటపడింది.

సంపాదకుల మాట వింటే రచయిత గొంతు పోతుందని కొందరి భయం. అది ఉత్త భయం కాదు. పాత ప్రతిలో మంచీచెడూ కలగలిసిన తండ్రి, కొత్తదాంట్లో దాదాపు ఆదర్శమూర్తి అయిపోయాడు. ఆ నష్టం నిజం. అయినా కొత్తదాంట్లో కథ చెప్పే స్కౌట్ (చిన్ననాటి జీన్ లూయీస్) గొంతు హోహోఫ్ ఇచ్చింది కాదు. పాత ప్రతిలోని బాల్యస్మృతుల్లో అది అప్పటికే ఉంది. రాతప్రతి చదివి తేల్చేవాళ్లూ పొరబడతారన్నది ఇంతకన్నా బలమైన అభ్యంతరం. ఫ్రెంచి రచయిత మార్సెల్ ప్రూస్ట్ మహానవల తొలి సంపుటాన్ని పారిస్ ప్రచురణకర్తలు తిప్పి పంపారు. 1913లో ఆయన దాన్ని సొంత ఖర్చుతో వేయించుకున్నాడు. కాదన్నవారిలో ఒకరైన ఆంద్రే జీద్ తర్వాత క్షమించమని ఉత్తరం రాశాడు. కాబట్టి తిరస్కారమే తీర్పని కుంగిపోకండి. అయితే ప్రూఫులు చేతికొచ్చాక కూడా ప్రూస్ట్ వాటిని విపరీతంగా దిద్ది, కొత్తగా రాసి చేర్చాడు. సొంత డబ్బు పెట్టాను కదా అని ఆగలేదు.

సంపాదకుడికి జీతమిచ్చే ప్రచురణ సంస్థలు తెలుగులో ఎన్ని ఉన్నాయని మీరు అడగొచ్చు. తక్కువే. అందుకే మీలో నవల రాయని వాళ్లను అడుగుతున్నాను. స్నేహితురాలి రాతప్రతి చేతికొస్తే ‘బాగుంది’ అని తిరిగిచ్చేయకండి. ఎక్కడ విసుగొచ్చి ఫోను తీశారో ఆ పేజీలో గుర్తు పెట్టండి. ఏ రెండు పాత్రల మాటలు ఒకేలా వినిపించాయో రాయండి. నాలుగు మాటల్లో వచ్చిపోయిన సంఘటన ఏదైనా మిమ్మల్ని పట్టుకుంటే, ఆ తర్వాత ఏమైందని ఆమెను అడగండి.