పిచ్చికుక్క కాటు - రైతు ఇంటికి పొంచియున్న ప్రమాదము

(రైతుల సమావేశములో చేసిన ప్రసంగ పాఠము)



తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతముల రైతులతో మాటలాడునపుడు వరి, మినుము, మొక్కజొన్నలను గూర్చియే సాధారణముగ ముచ్చటింతుము. ఈ దినము కుక్కకాటును గూర్చి చెప్పదలచితిని. ఇది డాక్టర్ల పని కదా, మనకేల అని మీరనవచ్చును. రాత్రివేళ నీరు పెట్టుటకు కాలువగట్టున నడచువాడు, కళ్లములో కాపలా పరుండువాడు, తెల్లవారుజామున చావిడిలో పాలు పితుకువాడు రైతే గనుక ఇది మన పనియే.

పిచ్చికుక్క వ్యాధి, అనగా రేబీస్, కంటికి కనబడని వైరస్ వలన కలుగును. వ్యాధి సోకిన జంతువు చొంగలో ఈ వైరస్ ఉండును. కాటు వలనగాని, గోటి గీరుడు వలనగాని, పుండుపై నాకుట వలనగాని ఒంటిలో ప్రవేశించి, నరముల వెంట మెదడునకు ప్రాకును. లక్షణములు బయటపడుటకు సాధారణముగ ఒకటి మొదలు మూడు నెలలు పట్టును. నీటిని చూచి బెదరు దశ వచ్చిన పిదప మనిషి బ్రదుకుట దాదాపు లేదు. ప్రపంచములో ఏటా సుమారు 59,000 మంది ఇట్లు మరణించుచున్నారని అంచనా. అందులో మూడవ వంతుకు పైగా మన దేశమువారే.

కాటుపడువారిలో నూటికి 40 మంది 15 ఏండ్లలోపు పిల్లలు. వారు కుక్కపిల్లలను ఎత్తుకొందురు, తినుచున్న కుక్కను కదలింతురు. పొట్టివారగుటచే కాటు ముఖముపై పడును. మెదడునకు దగ్గర గనుక అది మరింత ప్రమాదము. పైగా తిట్లు తినవలసివచ్చునని గీరుడును ఇంట్లో చెప్పరు. దయచేసి ఆ తిట్లు మానుడు.

చచ్చిన కోళ్లను, చేపల వ్యర్థములను కాలువగట్లపై పారవేయుచోట కుక్కలు గుంపులు గూడును. ఊరు మేపిన కుక్కలే ఊరిని కరచును.

మనలో చాలమంది ఎరుగని ప్రమాదము మరియొకటి గలదు. పిచ్చికుక్క కరచిన గేదె మేత మానును, చొంగ కార్చును, మ్రింగలేదు, బొంగురుగొంతుతో అదేపనిగ అరచును. గొంతుకలో మొక్కజొన్న కండె అడ్డుపడినదనుకొని రైతు నోటిలో చేయి పెట్టి వెదకును. నేనును ఉద్యోగములో చేరిన క్రొత్తలో ఒక పెయ్యదూడకు ఇట్లే చేసితిని. నా వ్రేలికి చాకు గాటున్న సంగతి తరువాత జ్ఞాపకము వచ్చినది. మరునాటికి దూడ చనిపోయెను. "నెల క్రిందట కుక్క తరిమిందండీ, కరవలేదనుకున్నాం" అని యజమాని అప్పుడు చెప్పెను. వారి ఇంటిల్లిపాది, నేను టీకాలు వేయించుకొంటిమి. కాబట్టి చొంగ కార్చు పశువు నోటిలో వట్టిచేయి పెట్టకుడు, పశువైద్యుని పిలువుడు. అట్టి పశువు పాలు వాడరాదు. చనిపోయినచో చర్మమొలువక లోతుగ పూడ్చవలెను.

కుక్క కరచినచో ముందు చేయవలసినది బావి దగ్గరనో, బోరింగు దగ్గరనో సబ్బుతో, ధారగ పడు నీటితో 15 నిమిషములు గాయమును కడుగుట. గడియారము చూచి కడుగుడు. మనకు తోచిన 15 నిమిషములు రెండు నిమిషములే అగుచుండును. కారము, సున్నము, పసరు పూయరాదు. కట్టు కట్టరాదు. ఆ దినమే ఆసుపత్రికి పోవలెను. చర్మములోనికి వేయు టీకా మొదటి దినమును, పిదప 3, 7, 28 దినములకును వేయుదురు. కండకు వేయు పద్ధతిలో 14వ దినమున గూడ ఒకటి ఉండును. నెత్తురు వచ్చిన గాయమైనచో గాయము చుట్టును ఇమ్యునోగ్లోబులిన్ కూడ వేయవలసియుండును. ఆ మాట మీరే డాక్టరుగారిని అడుగుడు. కరచిన కుక్కను పది దినములు కనిపెట్టి చూడవచ్చును గాని, అంతవరకు టీకా ఆపరాదు.

బొడ్డుచుట్టు 14 సూదులని ముసలివారు ఇప్పటికిని భయపెట్టుదురు. గొర్రె మెదడుతో చేసిన ఆ పాతమందును 2005 నాటికే మన దేశములో మానివేసిరి. ఇప్పటి సూది చేతికే.

పెంపుడు కుక్కకు మూడు నెలల వయస్సున టీకా వేయించి, ఏటేటా మరల వేయించవలెను. 1885 జూలై 6న పాశ్చర్ మొదటిసారి ఒక బాలునికి ఈ టీకా ఇచ్చెను. ఆ తేదీననే మన పశువైద్యశాలలలో కుక్కలకు ఉచితముగ టీకాలు వేయుట పరిపాటి. వారిచ్చు చీటీని చూరులో దోపక, పట్టాదారు పుస్తకముతో పాటు పెట్టెలో దాచుడు.